వీశె బిడ్డ

ఆ వానాకాలం మా ఇంట్లో అందరి నోళ్లలోనూ నానిన మాట ఒక్కటే: వీశె అంటే కిలో నాలుగు వందలు. అన్నం తింటూ అదే, స్నానానికి నీళ్లు తోడుకుంటూ అదే. మా నాన్నని నిద్రలో కుదిపి ‘వీశె’ అంటే చాలు, మిగతాది ఆయన నోరు చెప్పేసేది, ఆయన మళ్లీ గుర్రు పెట్టేవాడు.

మాది ఇనుప సామాను కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో తాళ్ల చుట్టలు పెట్టుకునే గది. మేకులు, గొలుసులు, సీసం, మైనం, ఏదడిగినా తూకానికే ఇచ్చేవాళ్లం. ఆ ఏడు ప్రభుత్వం పలాలూ వీశెలూ మణుగులూ ఎత్తేసి కిలోలు పెట్టింది. వానలు వెనకపట్టేలోగా పాత రాళ్లన్నీ అప్పగించెయ్యాలన్నారు. ఇనుపవే అయినా తూకానికి వేసేవాటిని మేం రాళ్లనే అనేవాళ్లం. వాటిని కార్ఖానాలో కరిగించి కిలోలుగా పోతపోస్తారట. “మన ఇనుము మనకే అమ్ముతారు, పేరు మార్చి” అని నాన్న సణుగుడు.

కొనేవాళ్ల గోల ఇంకో రకం. మా వీధి వడ్రంగి రోజూ వచ్చి పేచీ పెట్టుకునేవాడు.

“రెండు వీశెల మేకులియ్యి. నీ కిలోలు నాకెందుకు?”

“రెండు వీశెలంటే రెండు కిలోల ఎనిమిది వందలు బావా. మేకులు అవే, పేరే వేరు.”

“అవే అయితే పేరెందుకు మార్చడం? మధ్యలో ఎవడో తింటున్నాడు.”

“తినడానికి అవేమన్నా శనగలా? మేకులు బావా!”

పేచీ ముదిరితే నాన్న నన్ను కేకేసేవాడు. అప్పటికి నేను బడి చదువు ముగించి ఇంట్లో ఉన్నాను. కొత్త లెక్క మొత్తం నాకు నోటికొచ్చు. పలం ముప్పై అయిదు గ్రాములు. నలభై పలాలు ఒక వీశె. ఎనిమిది వీశెలు ఒక మణుగు, అంటే పదకొండు కిలోల రెండు వందలు. దాంతో వీధిలోవాళ్లు నా పేరు మర్చిపోయి ‘మార్పిడి’ అనడం మొదలెట్టారు. “మార్పిడీ, మూడు మణుగులకి ఎంతే?” అని ఎదురింటి గుమ్మంలోంచి అరిచేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. అయినా చెప్పకుండా ఉండలేకపోయేదాన్ని.

పాత రాళ్ల కోసం మొండికేసేది నాయనమ్మే అని అందరం అనుకున్నాం. ఆ కొట్లో త్రాసు పక్కన కూర్చునే ఆవిడ ముసలిదైంది. గుప్పెడు మేకులు చేతిలోకి తీసుకుని ఎన్ని పలాలో చెప్పేది, త్రాసులో వేస్తే అంతే ఉండేది. అలాంటి మనిషి అందరికంటే ముందు రాళ్లు ఎప్పుడు పంపిస్తావని నాన్న వెంట పడింది.

“ఇంకా గడువుందమ్మా” అన్నాడు నాన్న.

“నీకెప్పుడూ గడువే. నీ కోడలి కాన్పయ్యేలోగా ఇంట్లో ఒక్క పాత రాయి నా కంటపడకూడదు.”

“కాన్పుకీ రాళ్లకీ ఏం సంబంధం?”

“నేను చెప్పాను. అంతే.”

వదినకి అప్పుడు ఏడో నెల. తొలిచూలు. అన్నయ్య లారీ మీద సరుకేసుకుని వెళ్లి వానలకి ఎక్కడో చిక్కుకుపోయాడు. నాయనమ్మ పట్టుదల చూసి మేం నవ్వుకున్నాం. “మీ నాయనమ్మకి కిలోల మీద మోజు పుట్టింది” అని నాన్న ఆటపట్టించాడు. ఆవిడ నవ్వలేదు.

వాన పట్టుకుంటే వదలడం లేదు. కార్ఖానా బండి రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అంటూనే రోజులు గడిచాయి. రాళ్లు మూలన గోనెసంచిలో అలాగే ఉన్నాయి. కొట్టుకి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. మధ్యాహ్నాలు మరీ పొడుగ్గా ఉండేవి.

అలాంటి ఒక మధ్యాహ్నం వదిన పక్కమీంచి లేచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

“తాళ్ల గదిలో ఎవరున్నారు?”

“ఎవరూ లేరు. ఏం?”

“పసిబిడ్డ ఏడుస్తున్నట్టుంది. సన్నగా. గొంతు ఇంకా రానట్టు.”

నేను చెవులు రిక్కించి విన్నాను. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. నాన్న త్రాసు గొలుసులకి నూనె రాసుకుంటూ తల ఎత్తకుండానే అన్నాడు: “పిల్లులమ్మా. వానకి లోపల దూరి ఉంటాయి.”

నాయనమ్మ చేతిలోని మేకుల డబ్బా జారి పడింది. మేకులు నేలంతా చిందాయి. ఆవిడ వాటిని ఏరలేదు. తాళ్ల గది వైపు చూస్తూ అలాగే కూర్చుండిపోయింది. ముసలివాళ్ల చేతుల్లో పట్టు ఉండదు కదా అనుకుని నేనే ఏరాను.

ఆ తరవాత కూడా వదినకి ఆ ఏడుపు వినిపిస్తూనే వచ్చింది. ఎప్పుడూ మధ్యాహ్నమే. దీపాలు పెట్టే వేళకి ఆగిపోయేదట. నేను గదిలోకి వెళ్లి తాళ్ల చుట్టలన్నీ కదిలించి చూశాను. పిల్లీ లేదు, ఎలుకా లేదు. బయటికి వస్తుంటే నాయనమ్మ గుమ్మం బయట నిలబడి ఉంది. లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు. ఆలోచిస్తే, ఆవిడ ఆ గదిలోకి వెళ్లగా నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. తాడు కావలసి వస్తే నన్నో నాన్ననో పంపేది.

“ఏమన్నా ఉందా?” అంది.

“ఏం లేదు. వదినకి నీరసం. అందుకే ఏవేవో వినిపిస్తున్నాయి.”

“నీరసం కాదే. నాకూ వినిపించింది ఒకప్పుడు.”

నేను నవ్వబోయి ఆవిడ మొహం చూసి ఆగిపోయాను. నాయనమ్మ గుమ్మం పక్కనే గోడకి చేరగిలబడి కూర్చుంది. నన్ను కూడా కూర్చోమంది.

“మీ నాన్న కంటే ముందు నాకో ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండలేదు. ఇలాగే వాన. మా మామగారు బిడ్డని కొట్లోకి తెమ్మన్నాడు. నేను పక్కమీంచి చూస్తూనే ఉన్నా. తలుపు తీసే ఉంది. త్రాసులో ఒక పళ్లెంలో వీశె రాయి పెట్టాడు. ఇంకో పళ్లెంలో నా బిడ్డని పెట్టాడు. ముల్లు వచ్చి సరిగ్గా మధ్యలో నిలబడింది.”

ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. మేకుల ధర చెప్పినట్టు చెబుతోంది. నాకు అందుకే భయమేసింది.

“‘వీశె బిడ్డ. ఇది బతకదు’ అన్నాడు. ఆయనకి కోపం లేదు, ఏం లేదు. అప్పట్లో అందరూ అదే మాట అనేవాళ్లు. వీశె దాటితేనే బిడ్డ కింద లెక్క. తలుపు మూసేశారు. కాసేపటికి మా అత్తగారొచ్చి బిడ్డ పోయిందని చెప్పింది.”

“పోయిందా?”

“ఈ గోడకి అవతల పక్క నా మంచం. మధ్యాహ్నమంతా ఏడుపు వినపడింది. ఈ గదిలోంచే. గోనె మీద పడుకోబెట్టి వచ్చేశారన్నమాట. అదేం ఏడుపని అడిగాను. పిల్లులన్నారు.”

వానలో వీధిలోంచి ఎవరో పరుగెత్తుకుంటూ వెళ్లారు. నాయనమ్మ ఆ అడుగుల చప్పుడు పోయేదాకా ఆగింది.

“నువ్వు లేచి రాలేదా నాయనమ్మా?” అన్నాను. అడగకుండా ఉండాల్సింది. నోరు ఊరుకోలేదు.

“పిల్లులన్నారు కదే” అంది. “నమ్మాను. నమ్మితే లేవక్కర్లేదుగా. దీపాలు పెట్టేవేళకి ఆగిపోయింది” అంది.

ఈ సంగతి నాన్నకి తెలియదట. తాతయ్య కూడా ఏనాడూ ఎత్తలేదట. “ఇప్పుడు వీశెలు పోతున్నాయిగా. ఇక ఎవరూ ఏ బిడ్డనీ వీశె బిడ్డ అనలేరు. అందుకే వాటిని ముందు ఇంట్లోంచి తోలమంటున్నా” అని లేచింది. ఆ సాయంత్రం నేను నాన్నతో దెబ్బలాడాను, కార్ఖానా బండి రాకపోతే మనమే చేరవేద్దామని. ఆయన వింతగా చూసి, నీకూ మీ నాయనమ్మ గాలి సోకిందా అన్నాడు.

రాళ్లు కదలకముందే వదినకి నొప్పులొచ్చాయి. నెలలు నిండడానికి ఇంకా చాలా ఉంది. నాన్న గొడుగు కూడా మర్చిపోయి నర్సమ్మ కోసం పరుగెత్తాడు. ఆవిడ మోకాళ్ల దాకా నీళ్లలో, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది. ఊరికీ పెద్దాసుపత్రికీ మధ్య వంతెన తెగిందని వస్తూనే చెప్పింది. నాయనమ్మ వదిన తల దగ్గర కూర్చుంది. వదిన అరుపులకి మరిగిన నీళ్ల గిన్నె రెండుసార్లు కింద పెట్టాల్సి వచ్చింది.

ఆడపిల్ల పుట్టింది. నా అరచేతులు రెండూ కలిపితే సరిపోయేంత ఉంది. ఎర్రగా, ముడతలు పడి, కళ్లు మూసుకుని. ఏడవలేదు. నర్సమ్మ వీపు రుద్దితే మూలిగింది. అది విని వదిన కళ్లు పెద్దవి చేసుకుని నా వైపు చూసింది.

నర్సమ్మ సంచిలోంచి కొక్కెం త్రాసు తీసింది. బిడ్డని గుడ్డలో ఉయ్యాలలా చుట్టి కొక్కేనికి తగిలించింది. గుమ్మం అవతల నాన్న నిలబడి ఉన్నాడు, జుట్టులోంచి నీళ్లు కారుతూ. నర్సమ్మ త్రాసు కళ్ల దగ్గరికి తెచ్చుకుని చదివింది.

“కిలో నాలుగు వందలు.”

నాన్న నోరు అలవాటు కొద్దీ అనేసింది. “అంటే సరిగ్గా వీశె.”

ఆయన తప్పేమీ లేదు. పొద్దున లేస్తే వందసార్లు అనే మాట. వడ్రంగితో అన్నట్టే అన్నాడు. కానీ నాకు నాయనమ్మ వైపు చూడడానికి ధైర్యం చాలలేదు.

నర్సమ్మకి ఇవేవీ తెలియదు. బిడ్డని కొక్కెం మీంచి దించుతూ మెల్లిగా చెప్పింది: “పెద్దాసుపత్రిలో అయితే వెచ్చగా ఉంచే పెట్టె ఉంది. ఇక్కడ కష్టం. మరీ ఆశ పెట్టుకోకండి.”

వదిన మొహం గోడ వైపు తిప్పుకుంది. నాయనమ్మ లేచింది. ఆవిడకి లేవాలంటే రెండు చేతులూ నేలకి ఆనించాలి. ఆ రోజు ఆనించలేదు.

“బతుకుతుందా లేదా అని నిన్నడగలేదమ్మా. ఏం చెయ్యాలో చెప్పు.”

నర్సమ్మ ఆవిడ మొహం చూసి, ఉన్నదున్నట్టు చెప్పింది. బిడ్డ ఒంటికి వెచ్చదనం నిలవదు. ఎవరో ఒకరు గుండెకి ఆనించుకుని, పైన దుప్పటి కప్పుకుని, అలాగే ఉండాలి. కింద పెట్టకూడదు. తల్లిపాలు పిండి, దూదితో చుక్క చుక్క వెయ్యాలి. చన్ను పట్టే శక్తి వచ్చేదాకా అంతే.

“ఎంతసేపు?” అన్నాడు నాన్న.

“సేపు కాదండీ. వారాలు.”

నాయనమ్మ అప్పటికే రవిక ముడి విప్పి బిడ్డని లోపలికి తీసుకుంది. “ఒరేయ్, ఆ రాళ్ల సంచి వీధిలో పడెయ్యి” అంది.

“ఈ వానలోనా? తుప్పు పడతాయమ్మా!”

“పడనీ.”

నాన్న ఒక్కొక్క రాయీ మోసి వాకిట్లో బురదలో పడేశాడు. ఎదురింటివాళ్లు కిటికీలోంచి చూసి, పాపం మతి పోయిందనుకుని ఉంటారు.

నాయనమ్మ బిడ్డతో ఎక్కడ కూర్చుందో చెబితే మీరు నమ్మరు. తాళ్ల గదిలో. ఇల్లంతా ఎక్కడో ఒకచోట కురుస్తోంది, ఆ గది ఒక్కటే పొడిగా ఉంది. గాలి రాదు. తాళ్ల చుట్టల మధ్య బాగా వెచ్చగా ఉంటుంది. “అక్కడ చీకటమ్మా” అని నాన్న అంటే, “దానికి చీకట్లోంచి వచ్చిన అలవాటే” అంది. గుమ్మం దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగింది. తరవాత తల వంచుకుని లోపలికి వెళ్లింది.

మూడు వారాలు. వదిన కొంత, నాయనమ్మ చాలా, మధ్యలో నేను కాస్త. ఒకరి గుండె మీంచి ఇంకొకరి గుండె మీదికి మారడమే గానీ బిడ్డ వీపు ఒక్కసారి కూడా పక్కకి తగల్లేదు. మొదటి రోజుల్లో వదిన బిడ్డని ఎత్తుకునేది గానీ దాని మొహం చూసేది కాదు. చూస్తే మమకారం అంటుకుంటుందని భయం. ఆ భయం నాకూ ఉంది. బిడ్డ నా మీద ఉన్నంతసేపూ నా ఊపిరి ఆపి దాని ఊపిరి వింటూ కూర్చునేదాన్ని. అది ఒక్కోసారి శ్వాస తీసుకోవడం మర్చిపోయినట్టు ఆగిపోయేది. పాదం మీద వేలితో చిన్నగా మీటితే మళ్లీ తీసుకునేది.

నాయనమ్మకి నిద్రా తిండీ లేవు. నేను ముద్దలు కలిపి నోట్లో పెట్టాల్సి వచ్చేది. బిడ్డతో ఏదో మాట్లాడుతూ ఉండేది. ఒకసారి గుమ్మం దగ్గర ఆగి విన్నాను. “వచ్చానే తల్లీ, వచ్చేశాను. ఆలస్యమయింది, ఏమనుకోకు” అంటోంది. అది ఏ బిడ్డతో అంటోందో నాకు తెలియలేదు. లోపలికి వెళ్లకుండానే తిరిగొచ్చేశాను.

బిడ్డ మొదటిసారి నిజంగా ఏడ్చింది ఒక మధ్యాహ్నం. గొంతు ఇంకా రానట్టు, సన్నగా. పాలు పిండుకుంటున్న వదిన చేతిలో గిన్నె పట్టుకునే పైకి లేచింది.

“ఇదే. నేను అప్పుడు విన్నది ఇదే ఏడుపు.”

“అప్పటికి ఇది పుట్టనే లేదుగా వదినా.”

“నాకు తెలుసు. అయినా ఇదే.”

ఆ రోజు నుంచి వదిన బిడ్డ మొహం చూడడం మొదలెట్టింది. తనకి మళ్లీ వేరే ఏడుపేదీ వినిపించలేదు. నాయనమ్మకి వినిపించిందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

వానలు తెరిపిచ్చాయి. బిడ్డ దూది వదిలేసి చన్ను పట్టడం మొదలెట్టింది. వంతెన అవతల్నుంచి అన్నయ్య క్షేమంగా ఉన్నాడని కబురొచ్చింది. నర్సమ్మ ఈసారి చెప్పులు కాళ్లకే వేసుకుని వచ్చింది. కొక్కెం త్రాసు తియ్యగానే నాయనమ్మ బిడ్డని ఇంకా దగ్గరికి పొదువుకుంది.

“తూకం ఎందుకమ్మా? పాలు తాగుతోంది, ఏడుస్తోంది. చాలదూ?”

“పెరుగుతోందో లేదో తెలియాలిగా పెద్దమ్మా. తెలియకపోతే మందులెలా ఇవ్వను?”

నాయనమ్మ నా వైపు చూసింది. నేను తలూపాను. అప్పుడు బిడ్డని తనే గుడ్డలో చుట్టింది. కొక్కేనికి తగిలించాక కూడా రెండు చేతులూ కింద పట్టుకునే ఉంది, తగలకుండా, వెంట్రుకవాసి దూరంలో. ముల్లు కాసేపు ఊగి నిలిచింది.

“కిలో అయిదు వందల డెబ్బై అయిదు” అంది నర్సమ్మ. మొహం విప్పారింది. “గండం గడిచినట్టే. ఇక పెరుగుతుంది.”

వదిన ఏడ్చేసింది. నాన్నకి కాలు నేల మీద నిలవలేదు. పాపం ఆయన ఆ మూడు వారాలూ గుమ్మం బయటే తచ్చాడాడు, ఏ సాయమూ చెయ్యలేక. అడక్కుండానే ఆ లెక్క కూడా మార్చి చెప్పేశాడు.

“వీశె మీద ఏబులం అమ్మా! నీ మనవరాలి కూతురు వీశె దాటింది!”

“అయ్యో నాన్నా, మనవడి కూతురు” అని నేను సరిదిద్దాను. అందరం నవ్వాం. నాయనమ్మ నవ్వలేదు.

“ఏబులమా?” అంది.

“ఔనమ్మా. ఏబులం.”

ఏబులం అంటే అయిదు పలాలు. కొట్లో అంత తక్కువ ఎవరైనా అడిగితే నాన్న త్రాసు కూడా ముట్టుకునేవాడు కాదు, గుప్పెడు మేకులు తీసి ఇచ్చేసేవాడు. నాయనమ్మ బిడ్డని కొక్కెం మీంచి తనే దించింది. దించి, చేతుల్లో ఒకసారి చిన్నగా ఎత్తి చూసింది, కొట్లో సరుకు చేతి తూకం చూసేటప్పుడు చేసినట్టు. ఇన్నాళ్లూ గుండెకి ఆనించుకుందే గానీ అలా ఎప్పుడూ చూడలేదు.

“ఏబులమే” అంది. “ఎన్నాళ్లయింది, మనం దీన్ని ఎత్తుకుని?”

“మూడు వారాలు” అన్నాను. ఆవిడ ఏం అడుగుతోందో నాకు అర్థమవుతోంది. చెప్పకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

నాయనమ్మ బిడ్డని వదిన ఒళ్లో పెట్టింది. ఖాళీ చేతులు మోకాళ్ల మీద వేసుకుని తాళ్ల చుట్టల మధ్య కూర్చుంది. నాన్న ఆవిడ ముందు గొంతుక్కూర్చుని, “ఏంటమ్మా? బాగానే ఉందంటోందిగా నర్సమ్మ. ఎందుకేడుస్తున్నావ్?” అని మాటిమాటికీ అడిగాడు. ఆవిడ నా వైపు తిరిగింది.

“ఏబులమే కదే ఆనాడు తక్కువైంది దానికి” అంది. “ఎత్తుకుంటే వచ్చేదేగా.”